ఒళ్ళు చేసిన మనిషి

“తలుపెయ్యవే ముందు! ఆయన్ని తర్వాత లేపొచ్చు, ముందా వీధి తలుపెయ్యి!”

మంగతాయారు గొంతు పెద్దగా లేదు. పెద్దగా లేకపోవడమే సింధూజను భయపెట్టింది. అత్తగారి అరుపులు ఆమెకు అలవాటే. ఇలా పళ్ళు బిగించి మాట్లాడిందంటే మాత్రం ఇంట్లో దాచాల్సిందేదో ఉందన్నమాట.

చంకలో బిడ్డ రోహిణితోనే పరుగున వెళ్ళి గడియ వేసి వచ్చింది.

మామగారు ఈశ్వరయ్య మంచానికీ బీరువాకీ మధ్య నేల మీద ఉన్నాడు. కుర్చీలోంచి తనంతట తాను లేవబోయాడు. లేచాడు కూడా, సగం. ఆ సగంలోనే మోకాళ్ళు వదిలేశాయి. దెబ్బ తగిలినట్టు లేదు. కళ్ళు తెరుచుకుని పైన ఫ్యాను వంక చూస్తున్నాడు, చేయరాని పని చేస్తూ దొరికిపోయిన మనిషిలా.

“నువ్వు కాళ్ళు పట్టమ్మా, నేను చంకల కింద పట్టుకుంటా,” అన్నాడు సింధూజ మొగుడు శ్రీనాథ్, తల్లితో. “ఊఁ, ఎత్తు!”

లేవలేదు. వానాకాలంలో పక్షవాతం కొట్టి, పేట ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజున శ్రీనాథ్ ఒక్కడే తండ్రిని కారులోంచి ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాడు. ఇప్పుడు ఇద్దరు పట్టినా బనీను కింద పొట్ట అటూ ఇటూ జారుతోందే తప్ప మనిషి నేల వదలడం లేదు.

“నువ్వూ రావే! బొమ్మలాగా నిలబడ్డావు!” కసిరింది అత్తగారు.

సింధూజ బిడ్డను చాప మీద కూర్చోబెట్టి వంగింది. ఆ వంగడంలోనే చూసింది.

పంచె పైకి తొలగిపోయి ఉంది. కోడలు చూడకూడదు. చప్పున మొహం తిప్పుకుంది. కాని చూసిన కళ్ళు చూడనివి ఎట్లా అవుతాయి? పైన అంత పొట్ట, అంత మెడ, నిండుగా ఉబ్బిన బుగ్గలు. కిందేమో, తొడ ఉండాల్సిన చోట ఎముక మీద వదులుగా వేలాడే తోలు. వాతం తగిలిన కుడి కాలే అలా ఉందనుకుంటే ఏదో సరిపెట్టుకునేది. ఏమీ కాని ఎడమ కాలూ అంతే.

మోకాళ్ళ కింద నుంచి మడమల దాకా పాత చీర పేలికలు చుట్టలు చుట్టలుగా చుట్టి ఉన్నాయి. దెబ్బకు కట్టిన కట్టు కాదది. మరెందుకో ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడే వీధి తలుపు మోగింది.

“వదినా! పట్టపగలు గడియేందమ్మా? అన్న లేడా ఇంట్లో?”

ఈశ్వరయ్య తమ్ముడు వెంకట్రామయ్య గొంతు.

మంగతాయారు మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మరుక్షణం ఆ ముసలి చేతుల్లోకి ఎక్కడ లేని బలం వచ్చింది. ముగ్గురూ కలిసి ఎట్లా ఎత్తారో, ఎట్లా కూర్చోబెట్టారో! ఈశ్వరయ్య కుర్చీలో పడ్డాడు. ఆవిడ దుప్పటి లాగి ఆయన నడుము మీద నుంచి పాదాల దాకా కప్పింది. కొంగుతో ఆయన నుదుటి చెమట తుడిచింది. తన చెమట తుడుచుకోలేదు.

“తియ్యవే తలుపు. నవ్వు మొహం పెట్టు.”

* * *

“ఏందన్నా ఇది! ఒళ్ళు చేశావే!” వెంకట్రామయ్య గుమ్మంలోనే ఆగి చేతులు చాచాడు. “బుగ్గలు చూడు, పెళ్ళికొడుకు బుగ్గలు! ఆస్పత్రిలో చూసినప్పుడు ఈ మనిషి మనకు దక్కుతాడా అనుకున్నా.”

“నా చేతి అన్నమయ్యా,” అంది మంగతాయారు. ఆ మాటన్నప్పుడు ఆవిడ కళ్ళు నిజంగానే మెరిశాయి. “ముక్కులో గొట్టమేసి పాలు పోసిన మనిషి. ఒక్కో ముద్దా మెత్తగా పిసికి పెట్టి ఇంత చేసుకున్నా.”

“చేసుకోవాలి మరి. ఎల్లుండి శివరాత్రి. సెంటర్లో మన ప్రభకు గుడ్డ కడతన్నారు. ఈసారి కిందటేటి కంటే పొడుగు. మోకులు కొత్తవి తెప్పించాం.” అన్న ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “లే అన్నా, అట్టా పోయి చూసొద్దాం. నా భుజం మీద చెయ్యేసి రా.”

గదిలో ఎవరూ కదల్లేదు. రోహిణి ఒక్కతే చాప మీద గిలక్కాయ కొట్టుకుంటోంది.

“ఇప్పుడే మందేసుకున్నాడు,” అంది మంగతాయారు. “మందేసుకుంటే తూలుడు వచ్చిద్ది.”

“అట్టనా.”

వెంకట్రామయ్య అన్న మొహం వంక చూడటం లేదు. దుప్పటి వంక చూస్తున్నాడు. ప్రేమగా అన్నట్టు అన్న పిక్క మీద తట్టాడు. తట్టిన చెయ్యి వెంటనే తీయలేదు. కాసేపు అక్కడే ఉంచాడు.

“పోనీలే వదినా. ఎల్లుండి చూస్తాంగా.”

పోతూ పోతూ రోహిణి బుగ్గ గిల్లాడు. “ఏమే బుజ్జీ, తాత చంకనెక్కి ప్రభ ముందు ఊరేగుతావంటగా!”

సింధూజ బిడ్డను చప్పున చంకనేసుకుంది.

ఆ ఇంటి ఆనవాయితీ అది. శివరాత్రికి ఊరి ప్రభ కోటప్పకొండకు కదిలేటప్పుడు మొదటి కొబ్బరికాయ కొట్టేది వాళ్ళింటి పెద్దే. ఆ ఏడు ఇంట్లో బిడ్డ పుట్టి ఉంటే, ఆ బిడ్డను చంకనెత్తుకునే కాయ కొట్టాలి, బిడ్డతోనే పొలిమేర దాకా ప్రభ ముందు నడవాలి. వెనకాల, గుడ్డలు చుట్టి చక్రాల బండి మీద నిలబెట్టిన తాటిచెట్లంత ఎత్తు వెదురు ప్రభ, దాన్ని మోకులతో లాగే వందమంది కుర్రాళ్ళు, డప్పులు, కేకలు. ఒకసారి కదిలాక దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. ముందున్న మనిషి నడుస్తూ ఉండాల్సిందే.

ఇంటిపెద్ద నడవలేకపోతే కాయ తమ్ముడికి పోతుంది. కాయతో పాటు ఊళ్ళో మాట కూడా పోతుంది. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్న రోజులు మరి.

* * *

“ఆ పేలికలేంది అత్తయ్యా?”

వంటింట్లో మంగతాయారు అన్నంలో నెయ్యి పోస్తోంది. పోయడం ఆపలేదు.

“ఏ పేలికలు?”

“మావయ్య కాళ్ళకు.”

“చూశావా! మామ కాళ్ళు చూసే కోడలివి నువ్వొక్కదానివే ఈ ఊళ్ళో.”

“చూడాలని చూళ్ళేదు. ఎందుకు కట్టారు?”

“పంచె కింద నిండుగా కనపడొద్దా? నలుగురూ చూసే చోట కాళ్ళు పుల్లల్లాగా ఉంటే ఏమనుకుంటారు?” అన్నం పిసకసాగింది. “పడుకున్న మనిషికి కాళ్ళు సన్నబడతై. ఒళ్ళు వచ్చిందిగా, అదే కిందకి దిగిద్ది.”

“దిగదత్తయ్యా. అంజుమ్ చెప్పింది కదా. లావు వేరు, బలం వేరని.”

“ఆ పిల్ల పేరెత్తమాక! మీ మావయ్యను అరుగు మీద కూర్చోబెట్టి లే, కూర్చో, లే, కూర్చో అని బడిపిల్లోడి చేత గుంజిళ్ళు తీయించినట్టు తీయించింది. బజారున పోయేవాళ్ళంతా నిలబడి చూశారు. ఆ రోజు ఆయన కళ్ళమ్మట నీళ్ళు పెట్టుకున్నాడు. నువ్వు చూశావా? నేను చూశా.”

అందుకే అంజుమ్‌ను రావద్దన్నారు. పేట నుంచి స్కూటీ మీద వచ్చి వ్యాయామం చేయించే ఫిజియోథెరపీ అమ్మాయి ఆమె. అప్పటినుంచి ఈశ్వరయ్య మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి. అది కూడా ఎవరో ఒకరు మోస్తేనే.

“పోనీ పప్పన్నా పెట్టండి. ఒక గుడ్డు...”

“వాతం వచ్చిన మనిషికి పప్పు పెడతారటే? గుడ్డు పెడతారా? మా నాన్నకు వాతం వచ్చినప్పుడు మా అమ్మ ఏడాది పత్యం పెట్టింది. పప్పు లేదు, పెరుగు లేదు, నీసు లేదు.”

“ఆయన నడిచారా అత్తయ్యా?”

పిసికే చెయ్యి ఆగింది.

మంగతాయారు తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం ఉంటుందనుకుంది సింధూజ. కోపం లేదు. ఏదో మూసి ఉన్న గది తలుపు ఎవరో తోసినట్టు ఒక బెదురు కనిపించింది, వెంటనే మాయమైంది.

“ఇంటరు మధ్యలో మానేసి వచ్చినదానివి. డాక్టరు మాటలు నాకు చెప్పమాక. నీ బిడ్డను సిద్ధం చెయ్యి. కొత్త గౌను కుట్టిచ్చా.”

సింధూజ మొగుడి వైపు తిరిగింది. శ్రీనాథ్ గడపలో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. చూసుకుంటున్నట్టు నటిస్తున్నాడు.

“మీరన్నా చెప్పండి.”

“నేను పక్కనే ఉంటాగా. తూలితే పట్టుకుంటా.”

“ఇందాక ముగ్గురం కలిసి కింద పడ్డ మనిషిని లేపడానికి తలప్రాణం తోకకొచ్చింది. పడే మనిషిని ఒక్కరే ఎట్టా పట్టుకుంటారు? చంకలో బిడ్డ ఉంటది. ముందు ఎవర్ని పట్టుకుంటారు? నాన్ననా? బిడ్డనా?”

శ్రీనాథ్ ఫోను జేబులో పెట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయాడు.

* * *

పెరట్లో నీళ్ళతొట్టి చాటుకు వెళ్ళి సింధూజ అంజుమ్‌కు ఫోను చేసింది. మామగారు పడిన సంగతి, తాను చూసిన సంగతి గడగడా చెప్పేసింది.

“రెండు కాళ్ళూ అంతేనా అక్కా?”

“రెండూ అంతే.”

“నేను భయపడింది అదే. వాతం తగిలిన పక్కే కాదు, కదలకపోతే మొత్తం ఒంట్లో కండ కరిగిపోద్ది. దాని చోట కొవ్వు చేరిద్ది. చూసేవాళ్ళకు నిండుగానే ఉంటాడు. మోయాల్సిన బరువు పెరగతా ఉంది, మోసే కాళ్ళేమో తరిగిపోతా ఉన్నై. పప్పు పెడతన్నారా?”

“వాతమంట.”

“గుడ్డు?”

“అదీ వాతమే.”

“పెరుగన్నా?”

“చలవంట.”

“మరింకేం తింటన్నాడక్కా ఆయన?”

“మెత్తటి అన్నం, నెయ్యి. పాలల్లో రస్కులు. సాయంత్రం పంచదారేసిన జావ.”

“డాక్టరు గారికి చూపించి తిండి మార్చండి. షుగరు, కిడ్నీలు చూసి ఏది ఎంత పెట్టాలో ఆయనే చెప్తారు. లేవడం, కూర్చోవడం మళ్ళీ మొదలుపెడదాం. అరుగు మీద వద్దులే, లోపలే చేయిస్తా. కండ తిరిగి వచ్చిద్ది అక్కా, రాదని కాదు. కానీ నెలలు పట్టిద్ది.”

“ఎల్లుండికి?”

“ఎల్లుండేంది?”

సింధూజ చెప్పింది. ప్రభ సంగతి, కాయ సంగతి, రోహిణి సంగతి.

“బిడ్డనెత్తుకునా?” అంది అంజుమ్. “అక్కా, నువ్వు వాళ్ళతో ఏమన్నా చెప్పుకో, తిట్లు తిను, తన్నులు తిను. బిడ్డను మాత్రం ఇవ్వమాక.”

* * *

మధ్యాహ్నం అత్తగారు కునుకు తీస్తుంటే సింధూజ బిడ్డతో మామగారి గదిలోకి వెళ్ళింది. కుర్చీకి కాస్త దూరంలో నేల మీద కూర్చుంది.

“మావయ్యా. ఒక మాట అడుగుతా. ఎల్లుండి మీరు నడవగలరా?”

ఈశ్వరయ్యకు మాట ఇంకా సాఫీగా రాదు. కాని వినడంలో, అర్థం చేసుకోవడంలో ఏ లోపమూ లేదు. ఒకప్పుడు పొలాల గట్టు తగాదాలు ఈయన గొంతు వింటేనే తెగిపోయేవట.

“న... డుస్తా.”

రోహిణి దోగాడుకుంటూ వెళ్ళి కుర్చీ కోడు పట్టుకుని నిలబడింది. తాత మొహంలో వెలుగు వచ్చింది. ఎడమ చెయ్యి, బాగున్న చెయ్యి, చాచాడు. బిడ్డ చిన్ని పిడికిలిని తన గుప్పిట్లో పట్టుకున్నాడు.

రోహిణికి ఆ ఆట నచ్చింది. కిలకిలా నవ్వి చెయ్యి లాక్కుంది.

వచ్చేసింది. చాప మీద నుంచి బొమ్మను తీసుకున్నంత తేలిగ్గా ఊడి వచ్చేసింది. తాత మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి గట్టిగా. మెడ నరం ఉబ్బింది, కింది పెదవి వణికింది. బిడ్డ మళ్ళీ లాక్కుంది. ఎనిమిది నెలల పిల్ల.

ఈశ్వరయ్య ఖాళీ గుప్పిట వంక చూసుకున్నాడు. తర్వాత కోడలి వంక చూశాడు. ఆమె చూసిందని ఆయనకు తెలిసిపోయింది.

“చె... ప్పకు,” అన్నాడు.

“ఎవరికి మావయ్యా?”

పక్క గది వైపు కళ్ళతో చూపించాడు. మంగతాయారు గురక వినిపిస్తోంది.

“దా... నికి. చె... ప్పకు.”

ఆవిడ ఈయన కోసం దాస్తోంది. ఈయన ఆవిడ కోసం దాస్తున్నాడు. ఈ ఇద్దరి దాపరికం మధ్యలో తన బిడ్డ ఉంది.

ఇక ఈ ఇంట్లో అడగాల్సిన మనిషి ఎవరూ మిగల్లేదు.

రోహిణిని తీసుకెళ్ళి వసారాలో ఉన్న శ్రీనాథ్ చేతికిచ్చింది. “పక్క వీధి దాకా పోయొస్తా. నేనొచ్చేదాకా దీన్ని దించమాకండి. ఎవరికీ ఇవ్వమాకండి.”

“యాడికి?”

“వచ్చి చెప్తా.”

* * *

వెంకట్రామయ్య కల్లంలో ఉన్నాడు. ఇంటి వెనక ఖాళీ జాగాలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆయన గొనె పట్టా మీద కూర్చుని రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. ఘాటుకి సింధూజ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“రామ్మా రా. బిడ్డను తేకపోవడం మంచిదైంది. ఈ ఘాటు తట్టుకోలేదు.”

“చిన్నమావయ్యా, ఎల్లుండి కాయ మీరు కొట్టండి.”

ఏరే చెయ్యి ఆగింది. “మీ అత్త పంపిందా?”

“లేదు. ఆవిడకు తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యదు.”

“మరి నాకెందుకు తల్లీ? అన్న ఒళ్ళు చేశాడుగా. పొద్దున చూసొచ్చాగా.”

“అది ఒళ్ళు కాదు చిన్నమావయ్యా. పైకి కనపడిద్ది గాని, కాళ్ళల్లో...”

“తెలుసు.”

సింధూజ ముక్కు మీది కొంగు తీసి ఆయన వంక చూసింది.

“పిక్క మీద చెయ్యేశాగా. పేలికలు తగిలినై. పేలికల కింద కాలు తగల్లేదు.” ఒక తాలుకాయ ఏరి పక్కన పడేశాడు. “నాలుగు పుట్ల ధాన్యం బస్తాలు ఒంటిచేత్తో బండికెత్తిన మనిషి మా అన్న. అట్టాంటి కాలు.”

“తెలిసీ ఊరుకున్నారా? మీరొక్క మాట అంటే అత్తయ్య కాదనలేదు. నలుగురిలో అడగండి. కాయ మీకిమ్మనండి!”

“అడిగితే ఏమంటారో తెలుసా? మంచాన పడ్డ అన్న చేతిలోంచి లాక్కున్నాడంటారు. రేపు ఎన్నికల్లో ఆ మాట నా మెళ్ళో కట్టుకుని తిరగాలా?” గొంతు పెంచలేదు. సంతలో ధర చెప్పినంత నిదానంగా చెప్పాడు. “వదిన నడిపిస్తానంటంది. నడిపించనీ. ఊరంతా చూసిద్ది. ఆ తర్వాత నేను అడగక్కర్లేదు. ఊరే వచ్చి నన్ను పిలిచిద్ది.”

“ఆయన చేతిలో నా బిడ్డ ఉంటది.”

వెంకట్రామయ్య ఒక కాయ తీసుకుని, అది తాలో మంచిదో తేల్చుకోలేనట్టు ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పిల్లల్ని దేవుడు చూసుకుంటాడు లేమ్మా,” అన్నాడు.

అప్పుడు వినపడింది డప్పు. సెంటర్లో కాదు. దగ్గర్లో. సింధూజ వాళ్ళ వీధిలో.

“అదేంది?” అంది సింధూజ.

“ప్రభ కుర్రాళ్ళు అయ్యుంటారు. కాయ కొట్టే ఇంటికి ముందుగా వచ్చి డప్పేసి పోతారుగా.” వెంకట్రామయ్య మొదటిసారి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు. “ఇవ్వాళే వస్తారని నీకు చెప్పలేదా మీ అత్త?”

* * *

పరుగెత్తింది. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది.

గేటు నిండా జనం. డప్పుల కుర్రాళ్ళు, వాళ్ళ వెనక పిల్లలు, ఎదురింటి ఆరోగ్యమ్మ పిన్ని, ఇంకా ఎవరెవరో. అందరి మొహాల్లో సంబరం.

“వచ్చావా సింధూ! చూడు, మీ మావయ్య నిలబడ్డాడు! ఎట్టా ఉన్నాడో చూడు! ఎల్లుండి నడిచేది ఇవ్వాళే చూపిస్తానంది మీ అత్త!” అంది ఆరోగ్యమ్మ.

తోసుకుంటూ గేటు దాకా వచ్చింది.

వాకిట్లో ఈశ్వరయ్య నిలబడి ఉన్నాడు. జరీ పంచె, తెల్ల చొక్కా, నుదుట విభూది. కర్ర లేదు. ఎవరూ పట్టుకోలేదు. నిండుగా, బరువుగా, ఊరికి పెద్దలా నిలబడి ఉన్నాడు. పట్టు కండువాతో రోహిణిని ఆయన గుండెకు కట్టేశారు. రెండు పేటలు వేసి, వెనక ముడి బిగించి కట్టారు. ఆయన చెయ్యి జారినా బిడ్డ జారకుండా.

ఆయన పడితే బిడ్డ ఆయన కిందే పడేటట్టు.

శ్రీనాథ్ రెండడుగుల దూరంలో ఉన్నాడు. చెయ్యి సగం చాచి, తల్లి మొహం చూసి, ఆపేశాడు. మంగతాయారు ఒక్కతే అందరికీ వినపడేలా అంటోంది: “ఒక్కడుగు. జనం చూస్తన్నారు. ఒక్కడుగెయ్యండి.”

జరీ అంచు అతి సన్నగా అదురుతోంది. గాలి లేదు.

అరవబోయింది సింధూజ. అరిస్తే ఆయన ఉలిక్కిపడతాడు. నోరు మూసుకుంది. వెనక్కి జరిగి గేటు స్తంభం చాటుకు పోదామనుకుంది, బిడ్డ కంట పడకుండా.

ఆలస్యమైంది. రోహిణి తల్లిని చూసేసింది. మొహమంతా నవ్వై, కండువాలోంచి రెండు చేతులూ చాచి, కాళ్ళతో తాత పొట్టను తన్ని, అమ్మ వైపు ఒక్క ఎగురు ఎగిరింది.

ఈశ్వరయ్య కళ్ళు జనం మీద నుంచి జారి కోడలి కళ్ళను వెతుక్కున్నాయి. కుర్రాళ్ళు డప్పు ఇంకా గట్టిగా కొట్టారు.

వాతం తగలని ఎడమ మోకాలు ముందుగా మడత పడింది.